ఉపేక్షకు రెండు అర్థాలు

తెలుగులో ఉపేక్ష చెడ్డ మాట. రోగాన్ని ఉపేక్షించవద్దంటాం, అధికారులు ఫిర్యాదును ఉపేక్షించారంటాం. పాళీలో దాని తోబుట్టువైన ఉపేక్ఖ మాత్రం నాలుగు బ్రహ్మవిహారాల్లో చివరిది. మెత్తా, కరుణ, ముదిత అయ్యాక వచ్చే నిలకడ అది. ధమ్మం స్వీకరించిన కొత్తలో ఈ తేడా నాకు తికమకగా ఉండేది. మా వందనలో పెద్దాయన ఒకరు "తెలుగు అర్థం మరిచిపోమ్మా, పాళీ అర్థం పట్టుకో" అన్నారు. నేను అలాగే చేశాను. తెలుగు అర్థాన్ని అంత తొందరగా మరిచిపోకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తోంది.

నేను సూరత్‌లో ఆల్థాన్‌లో ఉంటాను. ఇరవై రెండేళ్లుగా ఇక్కడి తెలుగువాళ్ల మధ్య పని. మా చుట్టూ ఇప్పుడన్నీ ఎత్తైన అపార్ట్‌మెంట్లు. కాస్త దూరం పోతే బమ్రోలీ మగ్గాలు, ఆ పైన పాండేసరా రంగుల మిల్లులు. మనవాళ్లు ఎక్కువగా లింబాయత్, ఉధనా వైపు ఉంటారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరాల కిందట నేత పని కోసం వచ్చిన కుటుంబాలు. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. నేను న్యాయశాస్త్రం చదివాను గానీ నల్లకోటు వేసుకోలేదు. రేషన్ కార్డు, పీఎఫ్, బడి టీసీ, మగ్గం మీద వేళ్లు పోయిన వాళ్ల నష్టపరిహారం, ఇలాంటి కాయితాల పనే నాది. కోర్టుకు వెళ్లకపోయినా అందరూ "వకీలక్క" అంటారు.

నాకు ఏం జరిగిందో చెబుతాను. మొదట ఒంట్లో మొదలైంది. ఫోన్ మోగితే గుండె దడ. ఆదివారం రాత్రి నిద్ర పట్టేది కాదు, సోమవారం పొద్దున లేవాలంటే కాళ్లు బరువు. వయసు అనుకున్నాను. బీపీ చూపించుకున్నాను, మాత్ర ఇచ్చారు. తర్వాత మాట మారింది. వచ్చినవాళ్లను పేరుతో పిలవడం మానేశాను. "వేళ్ల కేసు వచ్చింది", "టీసీ కేసు కూర్చుంది" అనేదాన్ని. ఎవరైనా ఏడిస్తే గోడ మీది గడియారం చూసేదాన్ని. చివరికి, ఇన్నేళ్లు చేసి ఏం ఒరిగింది, ఒక్క మగ్గం సప్పుడైనా తగ్గిందా అన్న ఆలోచన వచ్చి కూర్చుంది. విసిగి వేసారడం అంటారు కదా, నాది విసుగు కూడా దాటిపోయింది. విసుగు పడాలన్నా కొంచెం ఓపిక ఉండాలి.

విచిత్రమేమిటంటే ఆ రోజుల్లోనే నాకు మెప్పు ఎక్కువ వచ్చింది. "అక్క ఎంత స్థిమితంగా ఉంటుందో చూడండి, దేనికీ చలించదు" అన్నారు. నేను నమ్మాను. నా సాధన పండిందనుకున్నాను. ఉపేక్ఖ అంటే ఇదే కాబోలనుకున్నాను.

ఆ స్థిమితం ఖరీదు ఒక ఫైలు. కుడిచేతి మూడు వేళ్లు మగ్గంలో పోగొట్టుకున్న మనిషిది. ఈఎస్‌ఐ లేదు, నియామక పత్రం లేదు, హాజరు చిట్టీలో పేరు మాత్రం ఉంది. ప్రమాదం అయిన పద్నాలుగు నెలలకు అతని భార్య కాయితాలు పట్టుకుని వచ్చింది. అప్పట్లో అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం ప్రమాదం జరిగిన రోజు నుంచి 2 సంవత్సరాల లోపు కమిషనర్ ముందు దరఖాస్తు పడాల్సి ఉండేది. పది నెలల గడువుంది. "రేపు చూద్దాం, పో" అన్నాను. ఆమె ముఖం కూడా చూడలేదు. ఆమె మళ్లీ వచ్చింది, మళ్లీ పంపాను. గడువు దాటిపోయిన నాలుగు నెలలకు, వేరే కాయితం వెతుకుతుంటే ఆ ఫైలు బయటపడింది. తేదీ చూసి లెక్కపెట్టాను. కింద కూర్చుండిపోయాను.

ఆ రాత్రి నాకు తెలుగు అర్థం గుర్తొచ్చింది. నేను ఉపేక్షించాను.

*

బుద్ధఘోషుడు విసుద్ధిమగ్గంలో ఒక్కొక్క బ్రహ్మవిహారానికి ఇద్దరేసి శత్రువులను చెబుతాడు, దగ్గరి శత్రువు, దూరపు శత్రువు. (ఆయనది మన ఆంధ్ర ప్రాంతమేనని కొందరు పండితుల అభిప్రాయం.) కరుణకు దూరపు శత్రువు క్రూరత్వం. అది ఎదురుగా వస్తుంది, గుర్తుపట్టవచ్చు. దగ్గరి శత్రువు దుఃఖంలో మునిగిపోవడం. చూడటానికి కరుణలాగే ఉంటుంది కాబట్టి ఇంట్లోకి రానిస్తాం. ఉపేక్ఖకు దూరపు శత్రువులు రాగమూ ద్వేషమూ. దగ్గరి శత్రువు తెలియనితనం వల్ల వచ్చే పట్టనితనం. ఎదుటివాడి బాధ నీకు తగలదు, అదే నిలకడ అనుకుంటావు.

నేను చాలా ఏళ్లు మొదటి దగ్గరి శత్రువుతో కాపురం చేశాను. ప్రతి ఇంటి ఏడుపూ నాదే అనుకున్నాను. అది భరించలేక రెండోదాని దగ్గరికి వెళ్లాను. ఈ రెంటికీ మధ్య దారి సూటిగా ఉందని తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. మునిగిపోయేవాళ్లే తర్వాత మొద్దుబారతారు. మొదటి నుంచీ పట్టనివాళ్లకు ఈ జబ్బు రాదు.

దీనికి పడమటి దేశాల్లో పేరు పెట్టింది 1974లో. న్యూయార్క్‌లో మత్తుమందులకు బానిసలైన పేద పిల్లల కోసం నడిచే ఉచిత క్లినిక్‌లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త పనిచేసేవాడు. అక్కడి స్వచ్ఛంద కార్యకర్తలు కొంతకాలానికి లోపల కాలిపోయిన ఇంటిలా అయిపోవడం చూశాడు, తనలోనూ చూసుకున్నాడు. దానికి బర్నౌట్ అన్నాడు. అంటే ఈ మాట పెద్ద జీతాల ఆఫీసుల్లో పుట్టలేదు, మనలాంటి వాళ్ల పనిలో పుట్టింది. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దాన్ని కొలిచే ప్రశ్నావళి తయారు చేశారు. వాళ్లు చెప్పిన గుర్తులు మూడు: మనసు పూర్తిగా అలిసిపోవడం, ఎదుటి మనిషిని మనిషిగా చూడలేకపోవడం, చేసిన పనికి విలువ లేదనిపించడం. నా ఫోన్ దడ, నా "వేళ్ల కేసు", నా "ఏం ఒరిగింది" వరసగా ఆ మూడే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో బర్నౌట్‌ను చేర్చింది గానీ జబ్బుగా కాదు, పనికి సంబంధించిన పరిస్థితిగా. పనిచోట ఎడతెగని ఒత్తిడిని సంబాళించలేక వచ్చేది అని రాసింది. లా చదివిన బుద్ధికి ఈ తేడా చిన్నదిగా కనబడదు. జబ్బు అంటే విచారణ రోగి ఒంటితో మొదలై రోగి ఒంటితో ముగుస్తుంది. పని వల్ల వచ్చింది అన్నాక పనిని కూడా బోనెక్కించాలి.

ఒక జాగ్రత్త మాత్రం. పని ఒక్కటే కాక తిండి, పిల్లలు, పాట, అన్నీ రుచి పోతే, బతకాలని లేదన్న ఆలోచన వస్తే అది వేరే. అప్పుడు వ్యాసాలు చదువుతూ కూర్చోకూడదు, డాక్టరు దగ్గరికి పోవాలి. ప్రభుత్వ టెలి మానస్ ఫోన్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. ధ్యానం చేస్తున్నాం కదా, మాత్రలెందుకు అనే ఉపాసకులు మనలో ఉన్నారు. షుగరుకు మాత్ర వేసుకుంటూ మనసుకు వద్దనడం నాకు అర్థం కాదు.

*

నాకు ఒక పేరు దొరికింది. మగ్గం దగ్గర నిలబడేవాడికి ఏ పేరు దొరుకుతుంది?

ఇక్కడి పవర్‌లూమ్‌లలో షిఫ్టు అంటే 12 గంటలు. కూలీ మీటరు లెక్కన. నెలజీతం కాదు కాబట్టి మగ్గం ఆగితే కూలీ ఆగుతుంది, మనిషి ఆగినా ఆగుతుంది. ఒక్కడే పక్కపక్కన ఉన్న ఎన్నో మగ్గాల మధ్య తిరుగుతూ తెగిన పోగు ముడి వేస్తుంటాడు. పక్కనున్నవాడి మాట వినిపించదు, పెదాలు చూసి తెలుసుకోవాలి. ఒంటరిగా వచ్చినవాళ్ల గదుల్లో పగటి షిఫ్టువాడు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. ఒకాయన నాతో అన్నాడు, "అక్కా, ఇంటికి అచ్చినంక సుత చెవులల్ల మగ్గం కొడ్తనే ఉంటది. పోరి ఏమన్న అడుగుతె ఇనబడది. అడిగిందే అడుగుతె చెయ్యి లేస్తది." అదే రెండో గుర్తు, ఎదుటి మనిషి మనిషిగా కనబడకపోవడం. అతనిది కూతురి మీద పడుతోంది. దాన్ని బర్నౌట్ అని ఎవరూ అనరు. తాగుబోతు అంటారు, మూర్ఖుడు అంటారు. మద్యనిషేధం ఉన్న రాష్ట్రంలో దొరికే సరుకు ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు.

మాకు దగ్గర్లోనే ఖజోద్‌లో 2023 డిసెంబరులో వజ్రాల బోర్స్ భవనం ప్రారంభమైంది. చూడటానికి జనం వస్తారు. అదే కాలంలో వజ్రాలు సానపట్టేవాళ్లు పని తగ్గి, రేపు పిలుస్తారో లేదో తెలియక నా దగ్గరికి వచ్చారు. పని మరీ ఎక్కువైనా మనిషి వేసారిపోతాడు, ఉంటుందో ఊడుతుందో తెలియకపోయినా వేసారిపోతాడు.

ఈ సంగతి బాబాసాహెబ్ 1936లోనే ఇంకోవైపు నుంచి పట్టుకున్నారు. కులం పనిని విభజించడమే కాదు, పనివాళ్లనే విభజిస్తుందని కులనిర్మూలనలో చెప్పారు. ఇష్టం లేని పనికి పుట్టుకతో కట్టిపడేస్తే మనిషికి ఆ పని మీద ఏవగింపు పుడుతుంది, ఎప్పుడు తప్పించుకుందామా అని చూస్తాడు, మనసు లేని చోట సామర్థ్యం ఎలా వస్తుందని అడిగారు. తీరిక లేకపోవడం, కూలీ చాలకపోవడంతో పాటు ఆ పని తాను ఎంచుకోకపోవడం కూడా మనిషిని కాల్చేస్తుందని మన బర్నౌట్ పుస్తకాలు తక్కువగా చెబుతాయి. మలం ఎత్తే మనిషికి "పనిలో అర్థం వెతుక్కో" అని చెప్పగలమా?

ఆయన అడగడంతో ఆగలేదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశారు. 1946లో ఫ్యాక్టరీల చట్టం సవరించి ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించారు. 1948 చట్టం ఆ 48 అంకెను నిలబెట్టింది. రోజుకు 9 గంటలకు మించరాదని, 5 గంటలకు ముందే అరగంట విరామం ఇవ్వాలని, ఎక్కువ చేయిస్తే రెట్టింపు కూలీ అని చెప్పింది. మా దగ్గర చాలా చోట్ల అది కాయితానికే ఉండేది. ఒకే షెడ్డును ముక్కలు చేసి ఒక్కో ముక్కను దుకాణంగా రిజిస్టరు చేస్తే ఫ్యాక్టరీ అనే మాటే ఉండదు. కరోనా వచ్చినప్పుడు 2020 ఏప్రిల్ 17న గుజరాత్ ప్రభుత్వం ఆ కాయితాన్ని కూడా పక్కన పెట్టింది. రోజుకు 12 గంటలు, వారానికి 72 గంటలు, అదనపు గంటలకు రెట్టింపు లేదు, మామూలు కూలీయే. గుజరాత్ మజ్దూర్ సభ సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్టోబర్ 1న కోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసి, చేయించిన అదనపు గంటలకు చట్టప్రకారం డబ్బు ఇవ్వమంది. ఆ తీర్పు ఉధనాలో ఒక మగ్గాల షెడ్డు బయట చదివి వినిపించాను. విన్నవాళ్లు, "మాకెప్పుడూ పన్నెండే గద, కొట్టేసిందేంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

*

మన ఉద్యమంలో విశ్రాంతి మాటెత్తితే సిగ్గుపడాల్సి వస్తుంది. బాబాసాహెబ్ రోజుకు 18 గంటలు చదివారు, నువ్వు అలిసిపోయానంటావా అంటారు. జయంతికి 18 గంటల అధ్యయనం పెడతాం, నేనూ కూర్చున్నాను, మంచిదే. కానీ ఆయన ఒంటికి ఏం జరిగిందో మనం ఆ రోజు చెప్పుకోం. మధుమేహం, కాళ్ల నొప్పులు, నిద్ర లేని రాత్రులు. బుద్ధ అండ్ హిజ్ ధమ్మ అచ్చులో చూసుకోకుండానే 1956 డిసెంబర్ 6న వెళ్లిపోయారు. తన 18 గంటలు ఆయన మిల్లు కార్మికుడి నెత్తిన రుద్దలేదు, అతనికి ఎనిమిది చాలన్నారు. తనమీద అంత కాఠిన్యం ఎందుకు పెట్టుకున్నారంటే ఆ పని చేసేవాళ్లు ఇంకొకరు లేక. ఇప్పుడు మనం లక్షల్లో ఉన్నాం. ఒక్కడే చేసిన దాన్ని ప్రతి ఒక్కరూ ఒక్కళ్లుగానే చేయాలనుకోవడం ఆయన్ని అనుసరించడమా అని నా సందేహం.

బుద్ధుడి సంగతి చూద్దాం. కపిలవస్తులో శాక్యుల కొత్త సభాశాలలో రాత్రి పొద్దుపోయేదాకా బోధించి, నా నడుము నొప్పిగా ఉంది, కాస్త వాలుస్తాను, మిగతాది నువ్వు చెప్పు అని ఆనందుడికి అప్పగించాడు. అర్హతున్నవాడు పక్కన ఉన్నాడు, అప్పగించాడు. ఇందులో సిగ్గేముంది?

సోణుడి కథ మనందరికీ తెలుసు, సగం తెలుసు. సుకుమారంగా పెరిగిన ధనిక యువకుడు. భిక్షువై చంక్రమణం చేసి చేసి పాదాలు చిట్లి దారంతా నెత్తురు. ఇంత చేసినా ఏమీ రాలేదు, ఇంటికి పోయి దానధర్మాలు చేసుకుందామనుకున్నాడు. బుద్ధుడు వచ్చి వీణ గురించి అడిగాడు. తీగ మరీ బిగిస్తే పలుకుతుందా? మరీ వదులైతే? ఇక్కడిదాకా ప్రతి ఉపన్యాసంలో వింటాం. వినయపిటకంలోని మహావగ్గంలో ఇంకో సగం ఉంది. నువ్వు సుకుమారుడివి, ఒంటి పొర చెప్పులు వేసుకో అని బుద్ధుడు అనుమతించాడు. సోణుడు ఒప్పుకోలేదు. అంత బంగారం వదిలొచ్చినవాడు చెప్పులకు ఆశపడ్డాడని లోకం అంటుంది, సంఘమంతటికీ అనుమతిస్తే నేనూ వేసుకుంటాను అన్నాడు. బుద్ధుడు నియమం మార్చాడు. అందరికీ చెప్పులొచ్చాయి.

వీణ తీగ సవరించుకోవడం ఎవరికి వారి పని. చెప్పుల నియమం సంఘం పని. మొదటి సగమే చెప్పేవాళ్లంటే యజమానులకు ఇష్టం. ఒక మిల్లాయన నన్ను పిలిచి, "మా వర్కర్లకు ధ్యానం నేర్పండి మేడం, చిరాకు తగ్గుతుంది, పోగులు తెగడం తగ్గుతుంది" అన్నాడు. నేర్పుతాను, ఆ అరగంట పన్నెండు గంటల్లో ఎక్కడ పెడతారు అని అడిగాను. షిఫ్టు అయ్యాక అన్నాడు. టీ తాగి వచ్చేశాను. సిగాల సుత్తంలో యజమాని పనివాడికి చేయవలసినవి ఐదున్నాయి. శక్తికి తగ్గ పని, తిండి కూలీ, జబ్బు చేస్తే చూడటం, మంచి పదార్థాలు పంచడం, వేళకు సెలవు. ధ్యానం నేర్పించడం ఆ ఐదులో లేదు.

*

నేను ఎలా తేరుకున్నానో చెప్పమని ఇద్దరు కార్యకర్తలు అడిగారు, అందుకే ఇది రాస్తున్నాను. పెద్ద రహస్యం లేదు. ఫైలు దొరికిన వారం, ఆదివారం వందన అయ్యాక అందరి ముందు చెప్పేశాను, నేను మంచిగా లేను, ఒక తప్పు కూడా చేశాను అని. మహావగ్గంలోనే, సేవ చేయడానికి సులువైన రోగి ఎవరో చెబుతూ తన జబ్బు ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు అని ఒక లక్షణం ఉంది. ఇరవై ఏళ్లు నేను అందరికీ సేవ చేసేదాన్నే, ఎవరికీ రోగిని కాలేదు. కొందరు నొచ్చుకున్నారు, అక్కకే ఇట్లయితే మా గతేంటి అన్నారు. ముగ్గురు మాత్రం ఫైళ్లు పట్టుకుపోయారు. అందులో ఒకమ్మాయి బీకాం చదువుతోంది. గడువు తేదీలన్నీ గోడ మీద పెద్ద కాయితం మీద రాసి అంటించింది. అంత తేలికైన పని నాకెందుకు తట్టలేదో!

మూడు నెలలు కొత్త పని తీసుకోలేదు. మంగళ, శుక్రవారం సాయంత్రాలు ఫోన్ ఇంట్లో పెట్టి కాంకరా ఖాడీ వెంట ఉన్న పార్కులో నడిచాను. మొదటి నెల నడకలో కూడా ఎవరికో జవాబు చెబుతూనే ఉన్నాను. ఆనాపానసతి మళ్లీ మొదలుపెట్టాను. అది నన్ను ప్రశాంతం చేయలేదు, నేనెంత మొద్దుబారానో చూపించింది. రెండో నెలలో ఒక రోజు ఎవరో పిల్లాడి టీసీ గురించి చెబుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. చాలా సంతోషమేసింది.

ఇక ఆ ఫైలు. గడువు దాటినా తగిన కారణం చూపిస్తే కమిషనర్ దరఖాస్తు తీసుకోవచ్చని చట్టంలో ఉంది. మాకు సాయపడే అడ్వకేటు గారు అఫిడవిట్ రాసుకొచ్చారు, దరఖాస్తుదారులు చదువు లేని పేదలు, చట్టం తెలియక ఆలస్యమైంది అని. మామూలుగా అందరూ రాసేదే, తరచు చెల్లుతుంది కూడా. నేను ఆమెకు చదివి అర్థం చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుంది.

"చట్టం తెల్వదని రాస్తరా? నేను మూడుమాట్ల అచ్చిన గద అక్కా."

రెండుసార్లని నేను అనుకున్నాను. ఆ మూడోసారి నాకు గుర్తే లేదు.

ఆ పేరా కొట్టించాను. గడువు లోపలే కాయితాలు నా చేతికి ఇచ్చారని, ఆలస్యం నాదని, ఆ రోజుల్లో నా స్థితి ఇదని నేను వేరే అఫిడవిట్ ఇచ్చాను. "మీ పేరు రికార్డులో ఉండిపోతుంది మేడం" అన్నారు అడ్వకేటు గారు. ఉండనీయండి అన్నాను. దీనివల్ల అవతలి వకీలు నన్ను బోనులో నిలబెట్టి అడగవచ్చు, వాళ్ల కేసుకు మేలు జరుగుతుందో కీడు జరుగుతుందో కూడా తెలియదు. అది ఆలోచించే ఆమెను అడిగాను. ఉన్నదే రాయమంది. ఆమె భర్త ఇప్పుడు ఎడమచేత్తో సంతకం నేర్చుకున్నాడు. వంకరగా, నిదానంగా పెట్టాడు. వచ్చే నెల వాయిదా ఉంది.